కావలివాడికి సెలవు

మా గూడూరు వైపు పెద్దవయసు మనిషి ఎవరైనా నిద్రలోనే పోతే, ఏడుపుల మధ్యనే జనం ఒక మాట అంటారు: "పుణ్యాత్ముడు. ఎవురి చేతా చేయించుకోకుండా పొయ్యాడు." ఆ మాటలో ఓదార్పుతోపాటు కొంచెం అసూయ కూడా వినిపిస్తుంది. గుడిలో దర్శనం అయ్యాక మెట్ల మీద కాసేపు కూర్చుని దేవుణ్ణి అడగవలసిన కోరికల్లో అనాయాస మరణం ఒకటని మన పెద్దవాళ్ళు నేర్పారు. డబ్బు, పదవి అడగమని చెప్పలేదు. ఒకరి మీద ఆధారపడని బతుకు, బాధలేని చావు, ఈ రెండూ అడగమన్నారు.

ఇదే చావుకు ఆసుపత్రిలో వేరే పేరుంది. సడన్ కార్డియాక్ డెత్. నిద్రలో పోయినవాళ్ళందరూ దానివల్లే పోతారని కాదు గానీ, చాలామంది విషయంలో జరిగేది అదే. గుండె లయ తప్పుతుంది, రక్తం తోయడం మానేస్తుంది, పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. కార్డియాలజీ గత అరవై డెబ్భై ఏళ్ళుగా పోరాడుతున్న పెద్ద శత్రువుల్లో ఇదొకటి. ఆ పోరాటంలో కొంతవరకు గెలిచింది కూడా.

అంటే ఒకే సంఘటన గుడిలో వరం, ఆసుపత్రిలో శత్రువు. ఈ రెండు చూపులూ ఒకే మనిషి ఛాతీలో ఎదురుపడినప్పుడు ఏది నెగ్గాలి, ఎప్పుడు నెగ్గాలి, ఆ మాట ఎవరు చెప్పాలి? కొన్నాళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

*

ముందు కొంచెం వైద్యం మాట్లాడుకోవాలి, ఎందుకంటే తెలుగులో మనం అన్నిటినీ కలిపి "గుండెపోటు" అనేస్తాం. మాకు డాక్టరు చెప్పిన పోలిక సులువుగా ఉంటుంది: బోరు మోటారుకు పైపులూ ఉంటాయి, కరెంటు వైర్లూ ఉంటాయి. పైపు పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. వైరింగులో తేడా వస్తే అది లయ జబ్బు. మొదటిది రెండోదాన్ని తెచ్చిపెట్టవచ్చు గానీ, రెండూ ఒకటి కావు.

గుండె కుడి పైగదిలో ఉన్న చిన్న కణాల ముద్ద నిమిషానికి 60 నుంచి 100 సార్లు సంకేతం పంపుతుంది. రోజుకు లక్ష దాకా. ఆ సంకేతం పుట్టకపోయినా, దారిలో ఆగిపోయినా గుండె నెమ్మదిస్తుంది. మనిషి తల తిరిగి పడిపోతాడు. దానికి పేస్‌మేకర్ ఉంది. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి పూర్తిగా ఒంట్లోపల ఇమిడే పేస్‌మేకర్‌ను మొదటిసారి అమర్చారు. ఆయన ఆ తర్వాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ, తయారుచేసిన ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్ కన్నా, అమర్చిన సర్జన్ సెన్నింగ్ కన్నా ఎక్కువకాలం బతికి, 2001లో 86వ ఏట క్యాన్సర్‌తో పోయాడు. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేస్‌మేకర్ పేదవాళ్ళకు కూడా అందుబాటులోకి వచ్చింది.

సంకేతం అడ్డదారిలో గిరగిరా తిరిగితే గుండె దడదడలాడుతుంది. పైగదుల నుంచి పుట్టే ఇలాంటి దడల్లో చాలావాటికి, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగలు పంపి, ఆ అడ్డదారి ఎక్కడుందో పటం గీసుకుని, అక్కడే కాల్చేసి నయం చేస్తారు. వీటిలో నైతిక ప్రశ్న ఏమీ లేదు. జబ్బు ఉంది, మందు ఉంది, మనిషి ఇంటికెళ్తాడు.

అసలు భయం కింది గదుల్లో పుట్టే దడతో. అది ముదిరితే గుండె కొట్టుకోదు, వణుకుతుంది. అప్పుడు షాక్ తప్ప వేరే దారి లేదు. షాక్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం పదోవంతు దాకా తగ్గిపోతుంది. ఇక్కడ రోగనిర్ధారణకు ఎంత విలువ ఉందో హైదరాబాద్‌లో జరిగిన పనే చెప్తుంది. కేర్ ఆసుపత్రిలో డాక్టర్ సి. నరసింహన్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, పంపింగ్ బాగానే ఉన్నా ఇలాంటి దడ వస్తున్న కొందరిని వదలకుండా పరీక్షిస్తే ఛాతీలోని గ్రంథుల్లో క్షయ, సార్కాయిడోసిస్ లాంటి జబ్బులు బయటపడ్డాయి. అసలు జబ్బుకు మందు వాడితే దడ కూడా దారికి వచ్చే అవకాశం ఉంది. అంటే పెట్టె అమర్చి పంపించేయడం ఒక్కటే వైద్యం కాదు.

అయినా చాలామందికి చివరికి పెట్టె అవసరమవుతుంది. ఆ పెట్టె పేరే ఐ.సి.డి. ఎడమ భుజం ఎముక కింద చర్మంలో దాచి, రక్తనాళంలోంచి ఒక తీగను గుండెలోకి దింపుతారు. అది నిరంతరం గుండెను వింటూ ఉంటుంది. ప్రమాదకరమైన లయ కనిపిస్తే కొన్ని సెకన్లలో ఛార్జ్ అయి లోపల్నించే షాక్ కొడుతుంది. ఇంటికి కావలివాడు ఎలాగో ఇదీ అలాగే.

*

ఈ కావలివాణ్ణి తయారుచేసిన మిషెల్ మిరోవ్‌స్కీ వార్సాలో పుట్టాడు. 1966లో, ఇజ్రాయెల్‌లో తనకు గురువులాంటి డాక్టర్ హ్యారీ హెల్లర్ ఇలాంటి దడతోనే హఠాత్తుగా చనిపోయాడు. అలాంటి రోగిని ఎల్లకాలం ఆసుపత్రిలో ఉంచలేం, ఇంటికి పంపితే ఎప్పుడేమవుతుందో తెలీదు. మరి ఆసుపత్రినే చిన్నది చేసి మనిషి లోపల పెడితే? మిరోవ్‌స్కీ ఆలోచన ఇది. అమెరికా వెళ్ళి బాల్టిమోర్‌లో మోర్టన్ మోవర్‌తో కలిసి పదేళ్ళకు పైగా దాని మీద పనిచేశాడు. 1980 ఫిబ్రవరి 4న జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి మనిషికి అమర్చారు. 1985లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది.

దారిలో ఆయన్ను అడ్డుకున్నవాళ్ళలో ముఖ్యుడు బెర్నార్డ్ లౌన్. విచిత్రం ఏమిటంటే, ఆసుపత్రుల్లో ఛాతీ మీద పెట్టి షాక్ ఇచ్చే ఆధునిక డీఫిబ్రిలేటర్‌ను అరవైల మొదట్లో రూపొందించింది లౌనే. అలాంటివాడు 1972లో, ఒంట్లోపల పెట్టే యంత్రం అసంపూర్ణమైన పరిష్కారమని రాశాడు. బతికించడం విషయంలో లౌన్ అంచనా తప్పింది, మిరోవ్‌స్కీ గెలిచాడు. కానీ అసంపూర్ణం అన్న మాట మాత్రం నాకు ఇంకో అర్థంలో నిజమే అనిపిస్తుంది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఐ.సి.డి.ని ముందు ఒక ప్రోగ్రాముగానే చూశాను. దానికి తెలిసినవి గుండె వేగం, ఆ సంకేతం ఆకారం, అది ఎంతసేపు సాగింది అన్నవి. గీత దాటితే చర్య తీసుకుంటుంది. ఇలాంటి ప్రోగ్రాములకు పొరపాటు హెచ్చరికలు తప్పవు. 2007లో మెడ్‌ట్రానిక్ కంపెనీ స్ప్రింట్ ఫిడెలిస్ అనే తీగను అమ్మకం నుంచి వెనక్కి తీసుకుంది. అది కొందరిలో విరిగి, ఆ విరుగుడు శబ్దాన్నే యంత్రం ప్రమాదంగా లెక్కగట్టి, ఏ జబ్బూ లేని క్షణంలో షాకులు కొట్టింది. అప్పటికే ప్రపంచంలో రెండున్నర లక్షలమందికి పైగా ఒంట్లో ఆ తీగ ఉంది. ఇది సాంకేతిక లోపం. ఇలాంటి లోపాలను ఇంజనీర్లు దిద్దుతారు, దిద్దారు కూడా.

కానీ దిద్దడానికి లోపమే కానిది ఇంకొకటుంది. యంత్రం లెక్క నూటికి నూరుపాళ్ళు సరిగ్గా ఉన్నా, తాను కాపాడుతున్న గుండె నలభై ఏళ్ళవాడిదో, క్యాన్సర్ ఒళ్ళంతా పాకి రేపో మాపో అన్నట్టున్న ఎనభై ఏళ్ళవాడిదో దానికి తెలీదు. ఏ జబ్బుతో పోతున్న మనిషికైనా ఆఖరి గంటల్లో గుండె లయ తప్పవచ్చు. యంత్రం అప్పుడు కూడా తన పని తాను చేస్తుంది. కొడుతుంది. గుండె మళ్ళీ తప్పితే మళ్ళీ కొడుతుంది.

*

దీన్ని నాకన్నా ముందు మా పెదనాయన కనిపెట్టాడు. ఆయనకు డెబ్భై దాటాయి. నిమ్మతోట, గూడూరు మార్కెట్, సాయంత్రం నలుగురితో అరుగు మీద కబుర్లు, ఇదీ ఆయన లోకం. ఎప్పుడో వచ్చిన గుండెపోటు వల్ల కండరం మీద మచ్చ పడింది. ఒకసారి ఉన్నట్టుండి పడిపోతే, ఒంటికి తగిలించి రోజంతా లయ నమోదుచేసే హోల్టర్ పరీక్షలో ప్రమాదకరమైన దడ దొరికింది. మద్రాసులో ఐ.సి.డి. పెట్టారు. మా వూళ్ళో గుండె కథలు చాలావరకు ఇంతే. కాస్త పెద్దదైతే నెల్లూరో తిరుపతో, ఇంకా పెద్దదైతే తెల్లారే రైలెక్కి 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న మద్రాసు.

రెండేళ్ళ తర్వాత తోటలో మోటారు వేసి వస్తుండగా అది ఒకసారి కొట్టింది. "గాడిద రొమ్ము మీద తన్నినట్టుందిరా" అన్నాడు. మద్రాసులో పరీక్షిస్తే, ఆరోజు నిజంగానే ప్రాణం పోవాల్సిందని, యంత్రమే కాపాడిందని తేలింది. ఇంట్లో అందరం దేవుడికీ డాక్టరుకీ దణ్ణం పెట్టుకున్నాం. ఆ రాత్రి నేనొక్కణ్ణే పక్కనున్నప్పుడు అడిగాడు:

"అబ్బయ్యా, నువ్వు కంప్యూటర్ల వాడివి గదా. ఒకటి చెప్పు. నాకు నిజంగానే పొయ్యే టయం ఒకరోజు వస్తాది. అప్పుడు కూడా ఇది ఇట్నే తంతాదా?"

"తంతాది పెదనాయనా, ఆపకపోతే."

"ఆపొచ్చా?"

"ఆపొచ్చు."

"మరి ఆ మాట ముందే ఎవురూ చెప్పలేదే."

ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇది ఒక ఆసుపత్రి కథ కాదు. సంతకం పెట్టించుకున్న కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిలో రక్తస్రావం ఉంది, ఇన్ఫెక్షన్ ఉంది, తీగ జారడం ఉంది. ఆఖరు రోజు ప్రస్తావన లేదు.

వేరే దేశాల్లోనూ ఇదే తంతు. 2004లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. ఐ.సి.డి. ఉండి చనిపోయిన వందమంది దగ్గరి బంధువులను అడిగితే, యంత్రాన్ని ఆపే విషయం డాక్టర్లు తమతో మాట్లాడారని చెప్పింది 27 మంది గురించే. ఆ మాటలు కూడా ఎక్కువగా ఆఖరి రోజుల్లోనే జరిగాయి. ప్రాణం పోవడానికి కొన్ని నిమిషాల ముందు 8 మందికి షాక్ తగిలిందని ఆ బంధువులు చెప్పారు. ఈ అంకెలను కాసేపు ఇళ్ళుగా ఊహించుకోండి. మంచం చుట్టూ పిల్లలు, తులసి తీర్థం పట్టుకుని భార్య, చెయ్యి పట్టుకున్న మనవడు. ఆ చేతిలోనే ఒళ్ళు ఎగిరిపడుతుంది. మనం దేవుణ్ణి అడగమని నేర్పిన చావు ఇది కాదు.

2010లో హార్ట్ రిథమ్ సొసైటీ అనే వైద్యుల సంఘం ఒక ఉమ్మడి ప్రకటన చేసింది: రోగి కోరితే ఈ యంత్రాలను ఆపడం న్యాయమే, అది కారుణ్య మరణం కిందికి రాదు అని. వైద్యులకు ఆ ప్రకటన సరిపోవచ్చు. మనకు దాని వెనక ఉన్న తర్కం కూడా కావాలి.

*

మొదటి అభ్యంతరం సూటిగా ఉంటుంది. ఆపితే పోతాడని తెలిసి ఆపడం చంపడం కాదా?

కావలివాడి పోలికతోనే చూద్దాం. కావలివాణ్ణి మాన్పించిన యజమాని దొంగతనం చేసినట్టు కాదు. కానీ ఈ జవాబు అంత తేలిక కాదు. దొంగ గేటు దగ్గర నిలబడి ఉన్నాడని తెలిసి కావలివాణ్ణి మాన్పిస్తే, నాకు సంబంధం లేదనడం కుదరదు. నలభై ఏళ్ళవాడి ఒంట్లో ఐ.సి.డి.ని అతని మాట లేకుండా ఎవరైనా ఆపితే అది కచ్చితంగా ఘోరమే. కాబట్టి "నేను ఆపాను అంతే, చంపింది జబ్బు" అన్న వాదన ఒక్కటే చాలదు.

తేడా ఇంకెక్కడో ఉంది. ఆఖరి దశలో ఉన్న మనిషి ఇంటికి చావు ఒక్క గేటులోంచి రావడం లేదు. ఊపిరితిత్తుల్లోంచి, మూత్రపిండాల్లోంచి, నెత్తురులోంచి, అన్ని తలుపుల్లోంచీ వస్తోంది. కావలివాడు ఒక్క తలుపు దగ్గరే నిలబడ్డాడు. పైగా వాడి చేతిలో ఉన్న కర్ర దొంగకు తగలదు, యజమానికే తగులుతుంది. అలాంటప్పుడు వాడు కాపాడుతున్నది ప్రాణాన్ని కాదు, బాధను. మొదట్లో యంత్రం పెట్టొద్దని చెప్పే హక్కు ఆ మనిషికి ఉన్నప్పుడు, ఇక చాలని చెప్పే హక్కు మధ్యలో ఎలా పోతుంది? ఒంట్లోకి వచ్చినంత మాత్రాన యంత్రం మనిషికి యజమాని కాదు కదా.

ఇదే తర్కం పేస్‌మేకర్‌కు వర్తిస్తుందా? ఇక్కడ నిజాయితీగా ఆగి ఆలోచించాలి. అమెరికన్ రచయిత్రి కేటీ బట్లర్ 2013లో తెచ్చిన నాకింగ్ ఆన్ హెవెన్స్ డోర్ అనే పుస్తకం ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. ప్రొఫెసర్ అయిన ఆవిడ తండ్రికి పక్షవాతం వచ్చాక, హెర్నియా ఆపరేషన్‌కు వీలుగా పేస్‌మేకర్ పెట్టారు. తర్వాత మతి పోయింది, చూపు తగ్గింది, గుండె మాత్రం తప్పకుండా కొట్టుకుంటూనే ఉంది. తల్లి అడిగినా డాక్టరు దాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. పుస్తకం చదువుతుంటే ఆవిడ కోపం మనకూ అంటుకుంటుంది. అయినా నేను డాక్టరు సంకోచాన్ని కూడా కొట్టిపారేయలేను. ఐ.సి.డి. ఎప్పుడో ఒకసారి లేచి కొట్టేది. పేస్‌మేకర్ అలా కాదు. దాని మీదే ఆధారపడిన మనిషిలో ప్రతి చప్పుడూ దానిదే. దాన్ని ఆపితే ఆ క్షణానే మనిషి పోవచ్చు. హక్కు ప్రకారం రెండూ ఒకటే కావచ్చు గానీ, ఆపే చేతికి ఒకటి కాదు. మామూలుగా ఆఖరి ఘడియల్లో పేస్‌మేకర్ నొప్పి కలిగించదు, చావును పెద్దగా పొడిగించదు కూడా. కండరమే చచ్చిపోతుంటే సంకేతం ఎంత పంపినా అది పలకదు. కాబట్టి చాలామంది విషయంలో దాన్ని ఆపాల్సిన అవసరమే రాదు. బట్లర్ తండ్రి లాంటివారి విషయంలో అసలు ప్రశ్న ఆపాలా వద్దా అన్నది కాదేమో, ఆరోజు పెట్టేముందు ఎవరైనా ఆయనతో పదేళ్ళ ముందుచూపుతో మాట్లాడారా అన్నది.

రెండో అభ్యంతరం దేవుడి పేరు మీద వస్తుంది. రాత ఎలా ఉంటే అలా జరుగుతుంది, మధ్యలో మనమెవరం? ఈ మాట యంత్రం పెట్టేముందు అనివుంటే ఒక అర్థం ఉండేది. పెట్టేటప్పుడు లేని రాత ఆపేటప్పుడు అడ్డం రావడం న్యాయం కాదు. మన పురాణాల్లోనే భీష్ముడున్నాడు. ఆయన వరంలో రెండు భాగాలున్నాయి. వద్దన్నంతకాలం చావు రాదు, రమ్మన్నప్పుడు వస్తుంది. అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఆగగలిగాడు, వచ్చాక వెళ్ళిపోగలిగాడు. ఐ.సి.డి. మొదటి భాగాన్ని కొంతవరకు ఇచ్చింది. రెండో భాగాన్ని మనుషులే చేతులతో ఇవ్వాలి. అది ఇవ్వకపోతే మిగిలేది అంపశయ్యే.

మూడోది అన్నిటికన్నా బరువైనది, నేను తేలిగ్గా తీసుకోలేనిది. మన ఇళ్ళల్లో ఈ తలుపు తెరిస్తే దుర్వినియోగం కాదా? ఆస్తి తగాదాలుంటాయి, సేవ చేసి విసిగిపోయిన కోడళ్ళుంటారు, అప్పుచేసి మందులు కొంటున్న కొడుకులుంటారు. ఎవరి సౌకర్యం కోసం ఎవరి గుండె ఆగుతోందో ఎవరు చూడొచ్చారు? ఈ భయం నిజమైనది. కానీ దానికి విరుగుడు తలుపు మూసెయ్యడం కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుండాలో ముందే తేల్చుకోవడం. ఆ మనిషి తెలివితో, నోటితో, తన ఆరోగ్యం బాగున్నప్పుడే చెప్పి, ఆ మాట కాగితం మీద ఉంటే, కొడుకులు అతని తరఫున ఊహించే పని ఉండదు. ఎవరూ ఏమీ అడగని ఇంట్లోనే ఎవరికి తోచింది వాళ్ళు చెయ్యడానికి ఎక్కువ వీలుంటుంది.

*

అడగడం అన్న మాట దగ్గర తెలుగువాళ్ళకు ఒక పేరు గుర్తుకు రావాలి. హైదరాబాద్ యువకుడు, చదరంగం ఆటగాడు వెంకటేశ్. కండరాలు క్షీణించే జబ్బుతో 2004లో వెంటిలేటర్ మీదకు చేరాడు. అవయవాలు పాడవకముందే తనను పోనిచ్చి, వాటిని దానం చెయ్యమని అడిగాడు. తల్లి సుజాత ఆ కోరికతో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళింది. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే 25 ఏళ్ళ వయసులో అతను పోయాడు. అతను కోరింది నేను ఇక్కడ మాట్లాడుతున్నదానికన్నా చాలా పెద్దది, చాలా వివాదాస్పదమైనది. కానీ ఆ కథలో ఒక విషయం మాత్రం స్పష్టంగా ఉంది: అతనేం కోరుకుంటున్నాడో ఎవరూ ఊహించుకోవలసి రాలేదు. అతనే చెప్పాడు, తల్లి విన్నది.

తర్వాత చట్టం కొంత కదిలింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమని చెప్పి, ముందస్తు వైద్య నిర్దేశానికి, అంటే మనం లివింగ్ విల్ అనే కాగితానికి, దారి చూపింది. మెజిస్ట్రేటు సంతకం లాంటి ఆచరణకు అందని నియమాలను 2023 జనవరిలో సడలించి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలంది. తీర్పు కళ్ళముందున్న దృశ్యం ప్రధానంగా ఐ.సి.యు.లో మాట్లాడలేని స్థితిలో ఉన్న రోగిది. అందుకే రెండు వైద్య బోర్డులు, ఇంత తతంగం. తెలివిలో ఉన్న వయోజనుడికి తన చికిత్సను వద్దనే హక్కు ఉందని కూడా అదే తీర్పు గుర్తించింది. కాబట్టి తెలివిలో ఉండగా అడిగితే ఒక సంభాషణతో తేలిపోయేది, తెలివి తప్పాక బోర్డుల దాకా వెళ్తుంది.

మరి ఎందుకు అడగం? మా అన్న, పెదనాయన పెద్దకొడుకు, ఈ మాట ఎత్తగానే "శుభమా అని బతికి బయటపడితే ఆ మాటలిప్పుడెందుకు" అన్నాడు. దాన్ని మూఢత్వం అని నేననను. మనవాళ్ళు ప్రేమను తరచుగా దాచిపెట్టడం ద్వారానే చూపిస్తారు. "నాయనకు చెప్పొద్దండి డాక్టర్" అన్న మాట వెనక భయమే కాదు, ఆ బరువు ఆయన బదులు మనం మోద్దామనే ఆలోచన కూడా ఉంటుంది. కానీ పొలం పంచాలంటే ఆయన్నే అడుగుతాం. నిమ్మకాయలు ఈరోజు కోయించాలా, ధర కోసం రెండ్రోజులు ఆగాలా అన్నది ఆయన్నే అడుగుతాం. మనవరాలి సంబంధం ఆయన్ను అడక్కుండా ఖాయం చెయ్యం. ఆయన గుండె విషయం ఒక్కటీ ఆయన వెనక మాట్లాడుకుంటాం. పైగా నన్ను అడిగింది ఆయనే. మనం దాస్తున్నది ఆయనకు ఎప్పుడో తెలిసిన విషయం. దాచడం వల్ల ఆయనకు మిగిలేది దాన్ని ఒంటరిగా ఆలోచించుకోవడం.

తర్వాతి పరీక్షకు మద్రాసు వెళ్ళినప్పుడు పెదనాయనే డాక్టరును అడిగాడు. ఆ డాక్టరు ఓపిగ్గా కూర్చుని అంతా చెప్పాడు. షాకును మాత్రమే ఆపి, పేస్‌మేకర్ పనిని అలాగే ఉంచవచ్చు. కత్తీ కోతా అక్కర్లేదు, కంప్యూటరులాంటి ప్రోగ్రామర్ పరికరంతో బయట్నించే నిమిషాల్లో అయిపోతుంది. ఆపాక మనసు మారితే మళ్ళీ వెయ్యవచ్చు. ఆపినంత మాత్రాన అప్పటికప్పుడు ఏమీ జరగదు. అంతా విని పెదనాయన తన షరతు చెప్పాడు: "తోట కాడికి నా కాళ్ళతో నేను పొయ్యినన్నాళ్ళు ఉండనీండి సార్. మీరు నన్ను పక్క తిప్పి పడుకోబెట్టే రోజొస్తే ఆపెయ్యండి." డాక్టరు దాన్ని ఫైల్లో రాసుకున్నాడు. అన్న కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు, కానీ కాదనలేదు.

ఆ షరతులో నాకు నచ్చింది దాని రెండు కొసలూ. యంత్రం వద్దని ఆయన అనలేదు. చావు ఎప్పుడొచ్చినా వరమే అనుకోవడం కూడా ఒక రకమైన అబద్ధం. 2022 ఫిబ్రవరిలో మా జిల్లా మనిషి, రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్ళకే హఠాత్తుగా గుండె ఆగి పోయినప్పుడు నెల్లూరంతా విస్తుపోయింది. అనాయాస మరణం అని ఒక్కరూ అనలేదు. అదే చావు ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా వచ్చివుంటే అనేవాళ్ళేమో. వరమా శాపమా అన్నది చావులో లేదు, ఆ మనిషి బతుకులో అది ఎక్కడ వచ్చిందన్నదాంట్లో ఉంది. ఆ స్థలం గుర్తుపట్టగలిగింది యంత్రం కాదు, డాక్టరు ఒక్కడే కూడా కాదు.

సాఫ్ట్‌వేర్‌లో ఏ సర్వీసునైనా మొదలుపెట్టే ముందే, దాన్ని ఎప్పుడు, ఎలా, ఎవరి అనుమతితో ఆపాలో రాసిపెట్టమంటారు. రాయని సర్వీసులు ఏళ్ళతరబడి ఎవరికీ అక్కర్లేకుండా నడుస్తూనే ఉంటాయి. ఐ.సి.డి.కి కూడా ఈ మాట పెట్టేరోజే మాట్లాడాలి. ఏడెనిమిదేళ్ళకో పదేళ్ళకో బ్యాటరీ అయిపోయి పెట్టె మార్చాల్సి వచ్చినప్పుడు మళ్ళీ మాట్లాడాలి, ఎందుకంటే అప్పటికి మనిషి మారివుంటాడు. పెద్ద జబ్బు ఇంకోటి వచ్చినప్పుడు ఇంకోసారి. గూడూరులాంటి ఊళ్ళో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ ప్రోగ్రామర్ పరికరం ప్రతి వీధిలో దొరకదు, ఆఖరి రాత్రి మద్రాసు నుంచి ఎవరూ రారు. అలాంటప్పుడు పనికొచ్చే చిన్న ఉపాయం ఒకటుంది. ఉంగరంలా గుండ్రంగా ఉండే ప్రత్యేకమైన అయస్కాంతాన్ని ఆ పెట్టె మీద చర్మంపైనే ఉంచితే, అది అక్కడున్నంతసేపు చాలా రకాల ఐ.సి.డి.లు షాక్ కొట్టవు. మీ పరికరానికి అది పనికొస్తుందో లేదో డాక్టరును అడిగి, ఎప్పుడు వాడాలో ఎప్పుడు వాడకూడదో తెలుసుకుని, ఇంట్లో ఒకరికి నేర్పిపెట్టుకోవాలి. ఇవన్నీ అడగాలంటే ముందు ఒక రోజు పోతామని ఒప్పుకోవాలి. కష్టం అక్కడే ఉంది.

చివరగా ఒక విషయం. ఇలాంటి పరికరం ఒంట్లో ఉన్న మనిషిని దహనం చెయ్యకూడదు. మంటల్లో బ్యాటరీ పేలుతుంది. అందుకని ముందే తీసెయ్యాలి. తీసేముందు ఐ.సి.డి.ని ఆపాలి, లేకపోతే తీగ కోస్తున్నవాడికి షాక్ తగలవచ్చు. అంటే మనం మాట్లాడుకున్నా మాట్లాడుకోకపోయినా, అశుభం అనుకున్నా అనుకోకపోయినా, ఎవరో ఒకరు దాన్ని ఆపక తప్పదు. శ్మశానంలో లోపల మిషనేమైనా ఉందా అని అడుగుతారు, అడగాలి కూడా. చచ్చిపోయినవాడి నుంచి బతికున్నవాళ్ళను కాపాడ్డానికి మనం తప్పకుండా చేసే పని అది. అదే పని కొన్ని గంటల ముందు, ఇంకా బతికున్న మనిషి కోసం, ఆయన చెప్పినట్టు చెయ్యడానికి మాత్రం మనకు ఇన్ని సందేహాలొస్తున్నాయి.